పాటల పట్టికలో చుక్కలు

మా ఆయన చనిపోయాడని నాకు ఫోన్‌లో చెప్పింది మల్లాపూర్‌లో ఉండే ఒక చెల్లె. తోడబుట్టిన చెల్లె కాదు, చర్చిలో మాతో పాటు పాడే అమ్మాయి. పొద్దున పదిన్నర అయింది. నాచారంలో నేను పనిచేసే డీటీపీ షాపులో అప్పుడే కంప్యూటర్ ఆన్ చేసి, ఇడ్లీ డబ్బా మూత తీసి కూర్చున్నాను.

“అక్కా, ఎప్పుడైంది? మాకొక్క మాట చెప్పకపోతిరి,” అని ఏడుస్తోంది.

“ఏం ఎప్పుడైంది? ఎవలకు?”

“అన్నకు అక్కా! మొన్న ఆయితారం గూడ మంచిగ వాయించిండు గదా. గింత జల్ది పోతడని ఎవలనుకున్నరు?”

ఇలాంటి మాట వింటే ఎవరెవరు ఏం చేస్తారో నాకు తెలియదు. నేను మాత్రం ఇడ్లీ డబ్బా మూత పెట్టాను. అది సరిగ్గా పడలేదు. తీసి మళ్లీ పెట్టాను. అప్పటికీ పడలేదు.

నేను భయస్తురాలిని. దాచుకునేదేమీ లేదు. గ్యాస్ కట్టేశానో లేదో చూడటానికి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. మా ఆయన “నీకు భయం లేకపోతే జ్వరమొస్తది” అని ఎగతాళి చేస్తాడు. ఆ రోజు తెల్లవారకముందే ఆయన బైకు మీద బయల్దేరాడు, కీబోర్డు సంచి వీపుకు తగిలించుకుని. జనగామ దాటాక ఒక ఊళ్లో కొత్త చర్చి ప్రతిష్ఠ, అక్కడ వాయించాలి. వరంగల్ రోడ్డు సంగతి మాలాగా ఉప్పల్‌లో ఉండేవాళ్లకు నేను చెప్పాలా? సగం కట్టిన ఫ్లైఓవరు స్తంభాలు, వాటి మధ్య లారీలు, గుంతలు. పోయేటప్పుడు “హెల్మెట్ బకిల్ పెట్టుకున్నవా?” అని నేను గేటు దాకా వెళ్లి మరీ అడిగాను. “పెట్టుకున్ననే తల్లీ” అన్నాడు. అది ఆఖరి మాటా? “తల్లీ” అని విసుక్కోవడమా ఆఖరి మాట?

“ఎవలు చెప్పిన్రు నీకు?” అని అడిగాను.

“ఎవలు చెప్పుడేందక్కా, మీ పుస్తకంల్నే ఉన్నది. పాటల పట్టికల. నేను ఇప్పుడే సూసిన, సూడంగనే నీకు జేసిన.”

పుస్తకమంటే నెలనెలా వచ్చే మా పాటల పత్రిక, అది అచ్చయి మూడు రోజులైంది. మా ఆయన రాత్రి నా ఎదురుగా కూర్చుని రెండుసార్లు పప్పు వడ్డించుకుని తిన్నాడు. మూడు రోజుల కింద అచ్చయిన పుస్తకం ఈ పొద్దున పోయిన మనిషి సంగతి ఎలా చెబుతుంది? ఈ చిన్న లెక్క చిన్నపిల్లకైనా తట్టేది. నాకు తట్టడానికి చాలాసేపు పట్టింది. తట్టాక కూడా భయం తగ్గలేదు, ఎందుకంటే ఆ పుస్తకంలో పాటల పట్టిక పెట్టింది నేనే.

బీరువా మీద ఉన్న కట్టలోంచి ఒక కాపీ లాగి మూడో పేజీ తిప్పాను. ‘న’ అక్షరం దగ్గర, పేజీ మధ్యలో, చిన్న అక్షరాల్లో మా ఆయన పేరు ఉంది. దాని ముందు కీ.శే. అని ఉంది.

ఇదెలా జరిగిందో చెప్పాలంటే మా పత్రిక సంగతి కొంచెం చెప్పాలి. అది సంగీత మాసపత్రిక. చర్చిల్లో పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు మాత్రమే పనికొస్తుంది. పాట, దాని కింద స్వరం, కీబోర్డుకూ గిటార్‌కూ కార్డ్స్, అంతే. కబుర్లు, వంటలు, రాశిఫలాలు ఏమీ ఉండవు. సంపాదకులు ఉప్పల్‌లోనే ఉంటారు. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యారు. మేమంతా పెద్దసార్ అంటాం. పేజీలు పెట్టడం ఏడేళ్లుగా నా పని.

మామూలు పత్రికలో విషయసూచిక ఎవరు చదువుతారు? పేజీలు తిప్పుతూ పోతారు. పాటల పత్రికలో ముందు చదివేదే అది. హార్మోనియం ముందు కూర్చున్నవాడికి, వెనకాల జనం గొంతు సవరించుకుంటుండగా, పేజీ వెంటనే దొరకాలి. అందుకే దానికి పెద్దసార్ పెట్టిన నియమాలున్నాయి. పాట మొదటి మాటలు లావు అక్షరాల్లో. అకారాది క్రమంలో. మా పాటల్లో సగం ‘య’తోనే మొదలవుతాయి కాబట్టి పేజీ కింది సగం ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది, అది వేరే గోల. పాట కింద చిన్న అక్షరాల్లో రాసినవాళ్లు, పాడినవాళ్లు, వాయించినవాళ్లు. కుడి అంచున పేజీ నంబరు. పాటకూ నంబరుకూ మధ్య వరుసగా చుక్కలు. ఆ చుక్కలు లేకపోతే కన్ను పక్క వరుసలోకి జారుతుంది, ఒక పాటకు ఇంకో పాట పేజీ తీస్తారు. చుక్కలంటే నాకు ప్రాణం. వరుసకు వరుసకు చుక్క కింద చుక్క పడాలి. పడకపోతే అన్నం సహించదు.

ఇంకొక నియమం ఉంది. పోయిన రచయితల పేరు ముందు కీ.శే. తప్పనిసరి. కీర్తిశేషులు అని పూర్తిగా వేస్తే చోటు తింటుందని ముందు నుంచీ రెండక్షరాలే. ఒకసారి మరిచిపోతే వాళ్లింటివాళ్లు ఫోన్ చేసి పెద్దసార్‌ని నానా మాటలన్నారు. అందుకని ఆ రెండక్షరాలు పెట్టానా లేదా అని నేను రెండుసార్లు చూస్తాను. పోయినవాళ్లకు పెట్టకపోతే తప్పని తెలుసు. బతికున్నవాళ్లకు పడితే ఏమవుతుందో ఎవరం ఆలోచించలేదు.

పట్టిక ఎప్పుడూ రెండు పేజీలు. ఆ నెల ఎవరో గిటార్ నేర్పే బడివాళ్లు పూర్తి పేజీ ప్రకటన ఇచ్చారు. “పట్టిక ఒక్క పేజీల సర్దు బిడ్డా, నీ చేతుల ఏముంటదో మంత్రం,” అన్నారు పెద్దసార్. పొగడ్త అంటే నేను పడి చస్తాను. సర్దాను. గానం అనే మాటను గా. చేశాను. రచన ర. అయింది. తబలా త. అయింది. కీబోర్డు కీ. అయింది. ఏ అక్షరానికి ఏది అర్థమో పేజీ అడుగున ఒక వరుస పెట్టాను, ఆవగింజంత అక్షరాల్లో. అటువంటి వరుస ఎవరూ చదవరని ఏడేళ్లుగా ఈ పని చేస్తున్న నాకు తెలియదా? తెలుసు. అయినా పెట్టి చేతులు దులుపుకున్నాను.

మా ఇంటిపేరు ‘శే’తో మొదలవుతుంది. మామగారు, మా ఆయన, అందరూ పేరు ముందు శే. అని పెట్టుకుంటారు. కీబోర్డు వాయించింది మా ఆయన. కాబట్టి కీ. శే. అని వచ్చింది, మధ్యలో ఒక ఖాళీతో. ఆ వరుసలో చివరి అక్షరం కిందికి దిగుతోందని ఆ ఖాళీ కూడా నేనే తీసేశాను. మూడుసార్లు ప్రూఫ్ చూశాను. కీబోర్డు అనే చదువుకున్నాను. పెద్దసార్ ఒకసారి చూశారు, ఆయనా కీబోర్డు అనే చదువుకున్నారు. తెలిసినవాళ్ల కళ్లకు తెలిసిందే కనబడుతుంది. తెలియనివాళ్లు ఉన్నది చదువుతారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, అసలు మాట అదే. ఆ పాట మా మామగారిది. ఆయన మల్లాపూర్‌లో ఒక కార్ఖానాలో వెల్డింగ్ చేసేవారు. రాత్రి డ్యూటీలు దిగి వచ్చి పాత క్యాలెండరు కాగితాల వెనక పాటలు రాసుకునేవారు. బతికుండగా ఒక్కటీ అచ్చులోకి రాలేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు మా ఆయన ఒక పాటకు వరస సరిచేసి, కీబోర్డు వాయించి రికార్డు చేస్తే పెద్దసార్ మెచ్చుకుని వేస్తానన్నారు. అందుకే ఆ పాట కింద రెండు వరుసలున్నాయి. పైది మామగారిది: ర. అని, తర్వాత కీ.శే., తర్వాత పేరు. కిందది కొడుకుది. తండ్రికి సరిగ్గానే పడిన అక్షరాలు కొడుకుకు కూడా పడ్డాయి. పైది చూసిన కన్ను కిందది ఇంకోలా చదువుతుందా?

ఆ పుస్తకం కోసం ఇంట్లో మా అత్తమ్మ నెల రోజులుగా చూస్తోంది.

ఉప్పల్ కాపీలు ప్రతి నెలా మా ఇంట్లోనే పడతాయి, పది. కట్టలు పంచే పెద్దాయన స్కూటర్ మీద పొద్దున్నే వచ్చి గేటు లోపల పెట్టి పోతాడు. మల్లాపూర్‌కు పుస్తకం చేరిందంటే ఉప్పల్‌కు ఎప్పుడో చేరి ఉంటుంది. ఇంట్లో అత్తమ్మ ఒక్కతే ఉంది. ఆరు నెలల కింద ఆమె గుండెకు స్టెంటు వేశారు. డాక్టరు నాతో చెప్పిన మాట, “పెద్దామెకు షాక్ లాంటివి తగలకుండ చూస్కోండమ్మా.” నేను ఆ మాట పట్టుకుని ఆరు నెలలుగా టీవీలో వార్తలు కూడా పెట్టనివ్వలేదు. ఇప్పుడు కొడుకు చావు కబురు నా చేత్తో అచ్చేయించి ఇంటికి పంపాను.

ఆమె చదవదులే అనుకోవడానికి లేదు. అత్తమ్మ బడికి పోలేదు. పెళ్లయి కార్ఖానా బస్తీకి వచ్చాక, చర్చిలో పాటల పుస్తకం వెనక ఉండే పట్టికలో చదవడం నేర్చుకుంది. పాటలన్నీ నోటికి వచ్చు. ఈ పాట ‘దే’ దగ్గర ఉందని మామగారు చూపిస్తే, ఇది ‘దే’ అని గుర్తు పెట్టుకుంది. అలా పట్టిక మొత్తం పూర్తయ్యేసరికి అక్షరాలన్నీ వచ్చాయి. ఇప్పటికీ పేపర్ ఇస్తే తొందరగా విసుక్కుంటుంది గానీ పాటల పట్టిక ఇస్తే వేలు పెట్టి ఒక్కో అక్షరం, ఒక్కో చుక్క వదలకుండా చదువుతుంది. ఇక కీ.శే. అంటే ఏమిటో ఆమెకు తెలియదా? మామగారి ఫోటో కింద నాలుగేళ్లుగా అదే ఉంది.

ముందు మా ఆయనకు ఫోన్ చేశాను. రింగ్ మొత్తం అయ్యి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ. అచ్చుతప్పే, మనిషి బాగానే ఉంటాడు, వాయిస్తుంటాడు, ఫోన్ సంచిలో ఉంటుంది. ఇవన్నీ నాకు నేనే చెప్పుకున్నాను. కానీ మనిషికి పోయినవాడని పేరు పెట్టి, ఆ రోజే ఆయన్ను హైవే మీదికి పంపి, ఆయన ఫోన్ ఎత్తకపోతే మీరైతే ఏమనుకుంటారు? శకునాలు నమ్మకూడదని చర్చిలో చెబుతారు. నోట్లోంచి వచ్చే మాటకు బలం ఉంటుందనీ అక్కడే చెబుతారు. నోటి మాటకే అంత ఉంటే వెయ్యి కాపీలు అచ్చేసిన మాటకు ఎంత ఉండాలి?

అత్తమ్మ ఫోన్‌కు చేశాను. చిన్న బటన్ ఫోన్, ఎప్పుడూ రెండో రింగుకే ఎత్తుతుంది. ఎత్తలేదు.

“ఇంటికి పోతున్న అన్నా, అర్జెంటు,” అని షాపు ఓనర్‌తో చెప్పి, చెప్పులు ఒకటి నాది, ఒకటి ఎవరిదో తొడుక్కుని రోడ్డు మీదికి వచ్చాను. ఆ సంగతి సాయంత్రం గానీ తెలియలేదు.

ఆటోలో కూర్చుని పెద్దసార్‌కు చేశాను. విషయం చెప్పాను. “కీ అంటే కీబోర్డే గద బిడ్డా. కింద రాసినం గదా,” అన్నారు.

“కింద రాసింది చీమలకా సార్? మనుషులకా?” అని అరిచాను. ఏడేళ్లలో ఆయన మీద గొంతు లేపడం అదే మొదటిసారి.

“ఫికర్ జెయ్యకు. నేను వాట్సాప్ గ్రూపుల సవరణ పెడత.”

పెట్టారు. హబ్సిగూడ సిగ్నల్ దగ్గర నా ఫోన్‌లో చూశాను. ‘సవరణ: ఈ నెల పాటల పట్టికలో కీ.శే. అని ఉన్న మన సోదరుడు’ అని మొదలుపెట్టి, మా ఆయన పేరు రాసి, ఆ తర్వాత నాలుగు వరుసలు వివరణ. ఆ నాలుగు వరుసలు చదివే ఓపిక ఎవరికుంది? పేరు, దాని ముందు రెండక్షరాలు చూసి దండాల బొమ్మలు పెట్టడం మొదలుపెట్టారు. నేను చూస్తుండగానే ఇరవై మంది పెట్టారు. ఒకావిడ కుటుంబానికి ఓదార్పు కలగాలని గొంతు రికార్డు చేసి పెట్టింది. ఓదార్చాల్సిన కుటుంబం ఆటోలో కూర్చుని గోళ్లు కొరుక్కుంటోంది.

“ఏమైందక్కా, గట్లేడుస్తున్నరు?” అని ఆటో అన్న అద్దంలో చూసి అడిగాడు.

ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. “మా ఆయన సచ్చిపోయిండని పుస్తకంల పడ్డది అన్నా.”

“అయ్యో! ఎవలేసిన్రు గట్ల?”

“నేనే.”

అతను బండి కొంచెం నెమ్మది చేశాడు. “బతికున్నడా మరి?”

“ఉన్నడనే అనుకుంటున్న. ఫోన్ ఎత్తుతలేడు.”

“అక్కా, తథాస్తు దేవతలుంటరు. ఆ మాట నోటెంబడి అనకున్రి ఇగ,” అన్నాడు. మా ఇంట్లో తథాస్తు దేవతల ప్రసక్తి లేదు. అయినా నేను చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎవరి దేవతలైనా సరే, వినకుండా ఉంటే చాలు అనిపించింది.

స్టేడియంలో ఆ రోజు ఏదో మ్యాచ్ ఉంది. నీలం చొక్కాలు, జెండాలు, బుగ్గల మీద రంగులు, పోలీసులు రోడ్డు సగం మూసేశారు. మెట్రో ఎక్కి ఉంటే ఇప్పటికే ఉప్పల్‌లో దిగేదాన్నని తెలుసు. భయపడ్డ మనిషికి మెట్లెక్కాలని తోచదు. ఆ ట్రాఫిక్‌లో కూర్చుని మా ఆయనకు ఇరవైసార్లు చేసి ఉంటాను. మధ్యలో అత్తమ్మకు. ఎవరూ ఎత్తలేదు. పక్కన బండి మీద కుర్రాళ్లు బూరలు ఊదుతుంటే దిగి ఆ బూర లాక్కుని విరిచేద్దామన్నంత కోపం వచ్చింది.

మా వీధి మలుపు తిరిగేసరికి ముందు నేను చూసింది జనం ఉన్నారా లేరా అని. లేరు. గేటు లోపల చెప్పులు లేవు. అది మంచిదో చెడ్డదో అర్థం కాలేదు. ఎవరికీ తెలియకుండా లోపల పడిపోయి ఉంటే?

తలుపు తెరిచే ఉంది. అత్తమ్మ ముందు గదిలో చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు పుస్తకాల కట్ట, పురికొస విప్పి ఉంది. ఒడిలో ఒక పుస్తకం, మూడో పేజీ తీసి. పక్కన బటన్ ఫోన్. నన్ను చూసింది గానీ లేవలేదు. నా ముఖం వంక అలా చూస్తూనే ఉంది. నేను ఏడుస్తూ వచ్చానా లేదా అని చూస్తోందని నాకు అర్థమైంది. నేనేమో ఏడుస్తూనే వచ్చాను.

“నిజమేనా?” అంది.

“కాదత్తమ్మా! కాదు. అది నా తప్పు. కీ అంటే కీబోర్డు. శే అంటే మన ఇంటిపేరు. రెండు కలిసిపోయినయ్,” అని ఆమె ముందు కూలబడి, పుస్తకం తీసుకుని, పేజీ అడుగున ఆవగింజ అక్షరాలు చూపించాను. ఆమె కళ్లద్దాలు సవరించుకుని చూసింది. కనబడలేదు. నేను చదివి వినిపించాను.

“ఎప్పుడు సూసినవ్ అత్తమ్మా?”

“తొమ్మిదింటికి.”

అప్పుడు పన్నెండు కావస్తోంది. “మూడు గంటలు ఒక్కదానివే కూసున్నవా? నాకెందుకు చెయ్యలే? ఆయనకెందుకు చెయ్యలే? నేను చేస్తే ఎందుకు ఎత్తలే?”

“ఎత్తితే నువ్వేం చెప్తవోనని,” అంది. “వానికి చెయ్యాలె అనే అనుకున్న. రెండుసార్లు నంబరు తీసిన. చేస్తే వాడు ఎత్తకపోతే? చెయ్యకపోతే ఇంక ఉన్నట్టే గదా.”

ఆమె మూడు గంటలు కదలకుండా కూర్చుని, కొడుకును బతికించుకుంది, ఫోన్ చేయకుండా. నేను అదే సమయంలో ముప్పైసార్లు చేశాను.

“నువ్వు చేసినవా?” అని అడిగింది.

చేశానని తల ఊపాను.

“ఎత్తిండా?”

“వాయిస్తుంటడు అత్తమ్మా. ఫోన్ సంచిల ఉంటది.”

“ఎత్తిండా అంటున్న.”

“ఎత్తలే.”

ఆమె మళ్లీ పుస్తకం తీసుకుంది. వివరణ అంతా చెప్పాక తగ్గాల్సిన భయం ఇప్పుడు ఇద్దరి మధ్యా కూర్చుంది. తప్పు ఎలా జరిగిందో తెలిసింది. మనిషి ఎలా ఉన్నాడో తెలియదు. ఈ రెండూ వేరు వేరు సంగతులని అంతకుముందు నాకు తోచలేదు.

“ఎందుకు కలిపినవ్?” అంది. గొంతులో కోపం కూడా లేదు, అందుకే నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది. “పూరగా కీబోర్డు అని రాస్తే ఏంది?”

“జాగ లేకుండె అత్తమ్మా. ఒక్క పేజీల అన్నీ సర్దాలె గదా. అందుకని.”

ఆమె వేలు ఆ పాట మీద పెట్టింది. లావు అక్షరాల మొదటి మాటలు దాటి వేలు కుడి వైపు జరిపింది. చుక్క, చుక్క, చుక్క. నేను ప్రాణం పెట్టి వరుస కింద వరుస అమర్చిన చుక్కలు. ఒక్కొక్కటీ ముట్టుకుంటూ పేజీ నంబరు దాకా వెళ్లింది.

“గీ సుక్కలకు ఇంత జాగ ఉన్నది,” అంది. “నా కొడుకు కాడ్నే జాగ లేకపాయెనా?”

అకారాది క్రమం గురించి చెప్పనా, కన్ను జారడం గురించి చెప్పనా? ఏడేళ్లుగా ఆ చుక్కలు పెడుతున్నాను. అవి ఖాళీ చోటని ఒక్కనాడు అనుకోలేదు. బయట స్టేడియం వైపు నుంచి జనం అరుపులు వినబడుతున్నాయి.

నా ఫోన్ మోగింది.

మా ఆయన పేరు కనబడుతోంది. అయినా వెంటనే ఎత్తలేదు. హైవే మీద యాక్సిడెంటైతే ముందు దొరికేది ఫోనే, ఎవరో ఒకరు ఆ ఫోన్ నుంచే ఇంటికి చేస్తారు. ఇది కూడా నాకు ఆ ఒక్క క్షణంలోనే తోచింది. నా భయం అంత తెలివైనది. అత్తమ్మ కూడా చెయ్యి చాపలేదు. నాలుగో రింగుకో ఐదో రింగుకో ఎత్తి స్పీకర్ పెట్టాను.

“ఏందే, ముప్పై మిస్డ్ కాల్స్! ఇల్లు గిట్ట కాలిందా?”

అత్తమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని నోటికి దగ్గరగా పెట్టుకుంది.

“ఎవలు మాట్లాడేది?” అంది.

“నేనే అమ్మా. ఇప్పుడే స్టేజి దిగిన. ఏమైంది?”

“పేరు జెప్పు.”

“ఏంది?”

“పేరు జెప్పమంటున్న. పూరగా.”

ఆయన అయోమయంగా నవ్వి పేరు చెప్పాడు. “ఇంటిపేరు గూడ,” అంది. ఇంటిపేరుతో కలిపి మళ్లీ చెప్పాడు, పొట్టి చేయకుండా, మొత్తం. ఆమె కళ్లు మూసుకుని విన్నది. తర్వాత, “బండి మెల్లగ నడుపుకుంట రా. సీకటి కాకముందే రా,” అని ఫోన్ నాకు ఇచ్చేసింది. అప్పుడు నేను ఏడ్చిన ఏడుపు పక్కింటివాళ్లు విని గోడ మీంచి తొంగి చూశారు. ఏడుస్తూనే ఆయన్ను తిట్టాను. ఫోన్ సంచిలో పెట్టినందుకు, ఇంటిపేరు ‘శే’ అయినందుకు, కీబోర్డు కాకుండా తబలా నేర్చుకోనందుకు. పాపం, ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

నేను ముఖం కడుక్కుని వచ్చేసరికి అత్తమ్మ మందుల డబ్బాలోంచి బాల్‌పెన్ను తీసి, కళ్లద్దాలు తుడుచుకుని, పుస్తకాలు ముందు వేసుకుంది. కీ పక్కన చుక్కను కొట్టేసింది. అక్కడి నుంచి ఒక గీత పైకి లాగి, పాట మొదటి మాటల వరుసలో నా చుక్కల మీద, వంకర అక్షరాల్లో ‘బోర్డు’ అని రాసింది. ‘ర్డు’ ఆమెకు ఎప్పుడూ కష్టమే. నాలుక కొంచెం బయట పెట్టి రాసింది. చుక్కలన్నీ ఆ మాట కిందికి వెళ్లిపోయాయి. పేజీ నంబరు దాకా ఇంకా చోటు మిగిలింది.

“నేను రాస్త అత్తమ్మా, ఇయ్యి,” అన్నాను.

“నువ్వు రాసింది సాలు,” అంది.

ఒకటి అయింది, రెండు అయ్యాయి. మూడో దాంట్లో రాస్తూ చెయ్యి పైకి వెళ్లింది. మధ్య వరుసలో మామగారి పేరు, దాని ముందు అవే రెండక్షరాలు. పెన్ను వాటి మీద ఆగింది. నెల రోజులుగా ఆమె చూడాలనుకున్న వరుస అదే. పొద్దున్నుంచీ దాని కింద వరుసే చూస్తూ కూర్చుంది, అది చూడనేలేదు. ఇప్పుడు ఒక్కో అక్షరం చదువుకుంది, పెదవులు కదుపుతూ.

“ఈయనకేం రాసేది లేదు,” అంది. “ఈయనది సరిగ్గనే పడ్డది.”

పుస్తకం మూసి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.